వ్యర్థం నుండి అర్థానికి

ఫాల్గుణ మాసం ప్రవేశించేనాటికి పల్నాటి చేలలో పత్తి ఏరివేత ముగుస్తుంది. నరసరావుపేట నుండి గురజాల మీదుగా మాచర్లకు సాగిపోయే బాటసారికి దారికి ఇరువైపులా దూది పోగా మిగిలిన పత్తికట్టెలు ఎండి నిలిచి కనిపిస్తాయి. కొన్ని దినాలకు రైతు వాటిని పెరికి గట్టు మీద కుప్పవేస్తాడు. అందులో కొంత పొయ్యిలోకి పోతుంది. మిగిలిన దానికి చాలాచోట్ల నిప్పు పెడతారు. చేనిలోనే వదిలివేస్తే గులాబీరంగు కాయతొలిచే పురుగు అందులో తలదాచుకొని మరుసటి పంటను ఆశిస్తుంది. కూలి ఇచ్చి, బండి కట్టించి దూరానికి తరలించబోతే ఆ ఖర్చు గిట్టదు. కనుక ఒక సాయంకాలాన ఒక్క అగ్గిపుల్లతో ఆరేడు నెలల ఎండ, నీరు, ఎరువు, చెమట అన్నీ పిడికెడు బూడిదగా మారిపోతాయి.

పల్నాడు నీటి విలువను, పంట విలువను ఎరిగిన సీమ. శ్రీనాథుని పేరిట ప్రచారంలో ఉన్న చాటుపద్యాలలో ఇది జొన్నకూటి సీమగా, నీటికి కటకటలాడే సీమగా దర్శనమిస్తుంది. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలిన నాగార్జునసాగర్ ఆ కరవు రూపును చాలావరకు మార్చివేసింది. కుడికాలువ వెంట వరి, పత్తి, మిరప పంటలు విస్తరించాయి. 2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. నీటి కొరకు తరతరాలు తపించిన సీమలో ఆ నీటితో పండిన దానిలో సగభాగం మాత్రమే ఇంటికి చేరి, తక్కిన భాగం అగ్గిపాలు కావడం ఆలోచింపదగిన విషయం. ఆ కట్టెకు బూడిద కంటె మేలైన గతి లేదా? ఈ ప్రశ్నకు రసాయనశాస్త్రం నేడు ఒక సమాధానాన్ని సిద్ధం చేస్తున్నది. ఆ సమాధానంలో ముఖ్యపాత్ర వహించేది బంగారమో ప్లాటినమో కాదు. స్టీలు గిన్నెలోనూ, పాత నాణెంలోనూ మనకు పరిచయమైన నికెల్ అనే లోహం.

కట్టెలో దాగిన చక్కెర

పత్తికట్టె నోటికి చేదుగా, చేతికి గరుకుగా ఉంటుంది. అయినా దాని శరీరంలో అధికభాగం చక్కెరతో నిర్మితమైనదే. మొక్క తన దేహాన్ని మూడు పదార్థాలతో కట్టుకొంటుంది. వాటిలో మొదటిది సెల్యులోజు. ఇది గ్లూకోజు అణువులు వేలసంఖ్యలో దండ వలె గుచ్చుకొనగా ఏర్పడింది. రెండవది హెమీసెల్యులోజు. దీనిలో జైలోజు వంటి అయిదు కార్బన్‌ల చక్కెరలు ప్రధానం. మూడవది లిగ్నిన్. ఇది ఇటుకల నడుమ సున్నం వలె ఆ దండలను బిగించి కట్టెకు గట్టిదనం కలిగిస్తుంది. ఈ విధంగా మొక్కల నుండి, జీవుల నుండి లభించే సేంద్రియ పదార్థం మొత్తాన్ని 'జీవద్రవ్యరాశి' అని వ్యవహరిస్తారు.

జీవద్రవ్యరాశి అంతా వ్యర్థం కాదన్న విచక్షణ ఇక్కడ అవసరం. జొన్నచొప్ప, వరిగడ్డి పశువుల నోటికి అందవలసిన మేత. చేనిలో దున్నిన ఆకు నేలకు తిరిగి సారమవుతుంది. వీటిని కర్మాగారానికి తరలిస్తే ఒకరి నోటి దగ్గరి ముద్దను మరొకరికి పెట్టినట్లవుతుంది. పశువులు ముట్టనివి, తగలబడిపోయేవి అయిన పత్తికట్టె, మిరపకట్టె వంటివే ఈ ప్రయత్నానికి తగిన ముడిసరుకులు. పత్తిగింజల నుండి నూనె తీసేటప్పుడు వేరుపడే పొట్టు కూడ జైలోజుకు మంచి ఆకరం.

కట్టెను మెత్తగా చేసి ఆమ్లంతోగాని, ఎంజైములతోగాని జరిపిస్తే దండలు తెగి చక్కెరలు విడివడతాయి. ఆ చక్కెరలను ఆమ్ల సమక్షంలో వేడిచేసినప్పుడు వాటి అణువుల నుండి నీరు తొలగిపోతుంది. అయిదు కార్బన్‌ల జైలోజు మూడు నీటి అణువులను కోల్పోయి 'ఫర్‌ఫ్యూరాల్' అవుతుంది. ఆరు కార్బన్‌ల గ్లూకోజు ముందుగా ఫ్రక్టోజుగా మారి, పిమ్మట మూడు నీటి అణువులను కోల్పోయి 'హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యూరాల్' అవుతుంది. ఈ దీర్ఘనామాన్ని శాస్త్రజ్ఞులు 'హెచ్.ఎం.ఎఫ్.' అని సంక్షేపిస్తారు.

ఫర్‌ఫ్యూరాల్ అనే మాట పుట్టుక ఆసక్తికరమైనది. లాటిన్ భాషలో 'ఫర్‌ఫర్' అనగా తవుడు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో యూరప్ రసాయనశాస్త్రజ్ఞులు తవుడును ఆమ్లంతో కాచి ఈ నూనెవంటి ద్రవాన్ని రాబట్టారు. అందువల్ల దానికి ఆ పేరు స్థిరపడింది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఓట్ ధాన్యాన్ని దంచే ఒక సంస్థ, కుప్పలుగా పేరుకొనిపోయిన పొట్టును ఏమి చేయాలో తోచక, 1922లో దాని నుండి ఫర్‌ఫ్యూరాల్‌ను వ్యాపారస్థాయిలో తయారుచేయనారంభించింది. పనికిరాని పొట్టుకు ధర పలకడం ఆనాడే మొదలయిందన్నమాట.

రెండు చేతుల అణువు

హెచ్.ఎం.ఎఫ్. అణువును ఊహించుకొనడం కష్టం కాదు. నాలుగు కార్బన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు చేయిచేయి పట్టుకొని నిలిచిన అయిదు మూలల వలయం దాని శరీరం. ఆ వలయానికి ఇరుప్రక్కల రెండు చేతులున్నాయి. ఒక చేతి కొసన ఆల్కహాలు సమూహం, రెండవ చేతి కొసన ఆల్డిహైడు సమూహం ఉన్నాయి. ఈ రెంటినీ ఆక్సీకరణం కావించి ఆమ్ల సమూహాలుగా మార్చగలిగితే 'ఫ్యూరాన్ డైకార్బాక్సిలిక్ ఆమ్లం' లభిస్తుంది. దీని పొట్టిపేరు 'ఎఫ్.డి.సి.ఏ.'. అమెరికా ఇంధనశాఖ 2004లో జీవద్రవ్యరాశి నుండి తయారుచేయదగిన ప్రధాన రసాయనాల జాబితాను ప్రకటించినప్పుడు దీనికి అందులో స్థానం కల్పించింది.

ఇంతటి ప్రాధాన్యానికి కారణం ఉన్నది. నేడు ప్రయాణికుల చేతుల్లో కనిపించే నీళ్ళ సీసాలు 'పెట్' అనే ప్లాస్టిక్‌తో తయారవుతాయి. దానికి మూలమైన టెరిఫ్తాలిక్ ఆమ్లం పెట్రోలియం నుండి వస్తుంది. ఎఫ్.డి.సి.ఏ. కూడ అట్లే రెండు ఆమ్లహస్తాలు గల అణువు కావడంచేత దాని స్థానంలో నిలువగలదు. దీనితో తయారయ్యే ప్లాస్టిక్ గాలిని, వాయువులను లోనికి చొరనీయకుండ నిరోధించడంలో 'పెట్' కంటె మెరుగైనది. భూగర్భంలోని నూనె చేయవలసిన పనిని చేనిగట్టు మీది కట్టె చేయగలదన్నమాట.

ఆక్సీకరణం అంటే స్థూలంగా ఎలక్ట్రానులను కోల్పోవడం. హెచ్.ఎం.ఎఫ్. అణువొక్కటి ఎఫ్.డి.సి.ఏ.గా మారడానికి ఆరు ఎలక్ట్రానులను వదులుకొనాలి. ఆల్కహాలు చేయి నాలుగింటిని, ఆల్డిహైడు చేయి రెండింటిని విడిచిపెడతాయి. ఈ పనిని వేడి, పీడనం కల పాత్రలలో గాలిని పంపి చేయించవచ్చు. బంగారం, ప్లాటినం వంటి ఖరీదైన లోహాలను తోడు తీసుకొనవచ్చు. మూడవ మార్గం విద్యుత్తు. ద్రావణంలో రెండు లోహపు పలకలను ముంచి విద్యుత్తును ప్రసరింపజేస్తే, ధనధ్రువమైన ఆనోడు ఎలక్ట్రానులను తానే లాగుకొంటుంది. అప్పుడు గది ఉష్ణోగ్రత, సాధారణ వాయుపీడనం చాలును.

అయితే పలక ఊరకే నిలిచి ఎలక్ట్రానులను లాగలేదు. ఆ పలక ఉపరితలం అణువును దరిచేర్చుకొని, దాని బంధాలను సడలించి, పని ముగిసిన వెంటనే దానిని విడిచిపెట్టే స్వభావం కలదై ఉండాలి. చర్యను వేగవంతం చేసి, చివరకు తాను తరిగిపోక మిగిలే ఇట్టి పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ 1835లో ఈ భావనకు నామకరణం చేశాడు. విద్యుత్తుతో కలిసి పనిచేసే ఉత్ప్రేరకమే విద్యుదుత్ప్రేరకం.

నికెల్ కథ

నికెల్‌కు ఆ పేరు నిందగా వచ్చింది. జర్మనీ గనికార్మికులకు రాగివలె కనిపించే ఒక ఖనిజం దొరికేది. ఎంత కరిగించినా దాని నుండి రాగి రాకపోవడంతో, ఏదో కొంటెదయ్యం తమను వంచిస్తున్నదని తలచి దానికి 'దయ్యపు రాగి' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 1751లో స్వీడన్‌కు చెందిన క్రాన్‌స్టెట్ ఆ ఖనిజంలో ఉన్నది దయ్యం కాదని, ఒక కొత్తలోహమని గుర్తించాడు. దయ్యం పోయినా పేరు మాత్రం మిగిలింది.

నిందపడిన ఈ లోహమే తరువాత ఉత్ప్రేరకాలలో పేరు గాంచింది. ఫ్రాన్స్ దేశీయుడైన పాల్ సబాతియే, మెత్తని నికెల్ చూర్ణం సేంద్రియ పదార్థాలకు హైడ్రోజన్‌ను చేర్చగలదని నిరూపించి 1912లో నోబెల్ బహుమతి పొందాడు. నూనెను గడ్డకట్టించి వనస్పతిగా మార్చే పనిలో వాడే ఉత్ప్రేరకం నికెలే. హైడ్రోజన్‌ను చేర్చే విద్యలో ఆరితేరిన లోహం హైడ్రోజన్‌ను తొలగించే విద్యలోనూ నేర్పరి కావడం ఈ కథలోని విశేషం.

నికెల్ పలకను గాఢమైన క్షారద్రావణంలో ముంచాలి. పిడుగురాళ్ళ సున్నపుబట్టీల సీమలో క్షారం అనగానే సున్నపుతేట స్ఫురిస్తుంది. ఇక్కడ వాడేది దానికంటె ఎంతో తీవ్రమైన పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణం. అందులో నికెల్ ఉపరితలం మీద పలుచని లేతాకుపచ్చ పొర ఏర్పడుతుంది. అది నికెల్ హైడ్రాక్సైడు. విద్యుత్తు ప్రసరింపగానే ఆ ఆకుపచ్చ పొర ఒక హైడ్రోజన్‌ను కోల్పోయి నల్లగా మారుతుంది. దానిని నికెల్ ఆక్సీహైడ్రాక్సైడు అంటారు. ఎడిసన్ ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో రూపొందించిన నికెల్-ఇనుము బ్యాటరీలో జరిగినదీ ఈ రంగుల మార్పే.

ఈ పొర చేసే పనిని కృష్ణానది రేవులోని పడవతో పోల్చవచ్చు. నల్లపొర ఖాళీ పడవ. హెచ్.ఎం.ఎఫ్. అణువు దరికి రాగానే దాని నుండి ఒక హైడ్రోజన్‌ను ఎక్కించుకొంటుంది. ఎక్కించుకొన్న వెంటనే అది ఆకుపచ్చ పొరగా, అనగా నిండుపడవగా మారుతుంది. అప్పుడు విద్యుత్తు ఎలక్ట్రానును, క్షారం ప్రోటానును దించివేస్తాయి. పడవ మరల ఖాళీ అయి తరువాతి ప్రయాణికుని కొరకు సిద్ధమవుతుంది. ఫ్లైష్మన్, కోరినెక్, ప్లెచర్ అనే శాస్త్రజ్ఞులు 1971లో ఆల్కహాలులు మొదలైన సేంద్రియ పదార్థాలు నికెల్ మీద ఈ విధంగా ఆక్సీకరణం చెందుతాయని వివరించారు. పోలెండ్ పరిశోధకులు 1991లో ఇదే పద్ధతిని హెచ్.ఎం.ఎఫ్.కు అన్వయించి, నూటికి 71 పాళ్ళు ఎఫ్.డి.సి.ఏ.ను రాబట్టారు. 2020లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, పడవ ఎక్కే పద్ధతి ఒక్కటే కాదని, వోల్టేజి పెరిగినకొలది ముందుకు వచ్చే మరొక మార్గం కూడ ఉన్నదని నిరూపించారు. రేవు పాతదే అయినా దాని రహస్యాలు ఇంకా వెల్లడి అవుతూనే ఉన్నాయి.

మెరుగుపరచడం అంటే ఏమిటి?

నికెల్ పనిచేస్తుందని తెలిసిన తరువాత కూడ పరిశోధన ఆగకపోవడానికి కారణం, పనిచేయడం వేరు, చక్కగా పనిచేయడం వేరు కావడమే. మెరుగుదలను నాలుగు విధాలుగా అర్థం చేసుకొనవచ్చు.

మొదటిది పడవల సంఖ్యను పెంచడం. చదునైన పలకపై అణువులకు తావు తక్కువ. అందువల్ల స్పంజివలె రంధ్రాలతో నిండిన నికెల్ నురుగును తీసుకొని, దానిమీద కంటికి కనిపించని పలుచని రేకులను పూలరెక్కల వలె పెంచుతారు. లోహం బరువు పెరగకుండానే ఉపరితలం అనేక రెట్లు విస్తరిస్తుంది. 2016లో అమెరికాలోని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు నికెల్ నురుగుపై నికెల్ ఫాస్ఫైడును పెంచి, దానిని ఒకవైపు హెచ్.ఎం.ఎఫ్. ఆక్సీకరణానికి, మరొకవైపు హైడ్రోజన్ తయారీకి వినియోగించారు. ఇట్టి ఫాస్ఫైడులు, సల్ఫైడులు ఆనోడుగా పనిచేసేటప్పుడు వాటి పైపొర సాధారణంగా నికెల్ ఆక్సీహైడ్రాక్సైడుగానే మారిపోతుంది. వేషం ఏదైనా చివరకు రంగస్థలం మీద నటించేది ఆ నల్లపొరయే.

రెండవది తక్కువ వోల్టేజితో పడవను ఖాళీ చేయించడం. హెచ్.ఎం.ఎఫ్. తన స్వభావాన్ని బట్టి చాలా తక్కువ వోల్టేజి వద్దనే ఆక్సీకరణం చెందగల పదార్థం. కాని ఆకుపచ్చ పొర నల్లబడటానికి, హైడ్రోజన్ ఎలక్ట్రోడుతో పోల్చి చెప్పినప్పుడు, సుమారు 1.35 వోల్టులు కావాలి. ప్రయాణికుడు ఎంత తేలికవాడైనా పడవ కదలడానికి తగిన తెడ్డు వేయక తప్పదు. కోబాల్టు వంటి లోహాన్ని కొద్దిగా కలిపితే నికెల్ ఇంతకంటె తక్కువ వోల్టేజికే నల్లబడుతుంది. విద్యుత్తు ఖర్చు ఆమేరకు తగ్గుతుంది.

మూడవది విచక్షణ. ద్రావణంలో హెచ్.ఎం.ఎఫ్. కంటె నీరే ఎన్నో రెట్లు అధికం. వోల్టేజి 1.5 దాటి పెరిగినకొలది నీరు కూడ పడవ ఎక్కడానికి త్రోసుకొని వస్తుంది. అప్పుడు విద్యుత్తు ఎఫ్.డి.సి.ఏ. తయారీకి బదులు ఆక్సిజన్ బుడగలను పుట్టించడానికి ఖర్చవుతుంది. ఇక్కడ ఇనుము పాత్ర గమనింపదగినది. నికెల్‌లో లేశమాత్రం ఇనుము కలిసినా నీటి నుండి ఆక్సిజన్‌ను రాబట్టే శక్తి ఎంతో పెరుగుతుంది. నీటిని విడగొట్టదలచినవారికి ఇనుము మిత్రుడు. హెచ్.ఎం.ఎఫ్.ను మార్చదలచినవారికి అదే ఇనుము సాధారణంగా పోటీదారు. కనుక ఉత్ప్రేరకాన్ని మెరుగుపరచడమంటే దానికి వేగాన్ని నేర్పడమే కాదు. ఏ పని చేయకూడదో కూడ నేర్పడం.

నాలుగవది మన్నిక. ప్రయోగశాలలో కొన్ని గంటలు మెరిసిన ఉత్ప్రేరకం కర్మాగారంలో నెలల తరబడి నిలవాలి. గాఢమైన క్షారం, నిరంతర విద్యుత్తు, బుడగల తాకిడి వీటివల్ల రేకులు ఊడిపోవచ్చు. లోహం ద్రావణంలోకి జారిపోవచ్చు. నికెల్ లవణాలు ఆరోగ్యానికి హానికరమైనవి కాబట్టి ఈ జారుడు ధననష్టం మాత్రమే కాదు, కాలుష్యం కూడ. అదిగాక నికెల్‌ను మన దేశం ప్రధానంగా విదేశాల నుండి దిగుమతి చేసుకొంటున్నది. ఒకసారి కొన్న లోహం చిరకాలం నిలిచినప్పుడే అది చవకైన లోహమని చెప్పదగును.

ఒక పెట్టుబడి, రెండు ఫలాలు

విద్యుత్తు మార్గంలో మరొక సౌలభ్యం ఉన్నది. ఆనోడు లాగుకొన్న ఎలక్ట్రానులు వృథాగా పోవు. అవి తీగ గుండా ప్రవహించి రుణధ్రువమైన కాథోడును చేరి, నీటి నుండి హైడ్రోజన్ వాయువును వెలువరిస్తాయి. హైడ్రోజన్ ఎరువుల తయారీకి ఆధారమైన వాయువు, మండితే నీటిని మాత్రమే మిగిల్చే ఇంధనం. మామూలు విద్యుద్విశ్లేషణలో ఒకవైపు హైడ్రోజన్ వస్తే రెండవవైపు వచ్చేది గాలిలో ఎటూ లభించే ఆక్సిజన్. ఇక్కడ ఆ రెండవవైపున విలువైన ఆమ్లం లభిస్తుంది.

లెక్క వేసి చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. ఒక కిలో ఎఫ్.డి.సి.ఏ. తయారు కావడానికి, ఒక్క ఎలక్ట్రాను కూడ వృథా కాదనుకొంటే, సుమారు 1030 ఆంపియర్-గంటల విద్యుదావేశం అవసరం. ఘటం 1.5 వోల్టుల వద్ద పనిచేసినట్లయితే ఇది రమారమి ఒకటిన్నర యూనిట్ల విద్యుత్తు. అదే సమయంలో కాథోడు వద్ద సుమారు 39 గ్రాముల హైడ్రోజన్ వెలువడుతుంది. కేవలం నీటిని విడగొట్టే కర్మాగారాలలోని ఘటాలు సాధారణంగా 1.8 నుండి 2 వోల్టుల వద్ద పనిచేస్తాయి. అంటే అంతే హైడ్రోజన్ కొరకు అక్కడ ఎక్కువ విద్యుత్తు కావాలి, చివరకు దక్కేది హైడ్రోజన్ ఒక్కటే. అయితే ఇది ఆదర్శపు లెక్క. ద్రావణపు నిరోధం, దారితప్పిన ఎలక్ట్రానులు, శుద్ధిచేసే శ్రమ కలిసినప్పుడు వాస్తవం దీనికంటె బరువుగా ఉంటుంది. ఆదర్శానికి, వాస్తవానికి నడుమనున్న ఎడమును తగ్గించడమే పరిశోధకుల కృషి.

దారిలోని ముళ్ళు

ఇంతగా ఆశ గొలిపే విధానం ఊరూరా కర్మాగారంగా వెలయకపోవడానికి కారణాలున్నాయి. హెచ్.ఎం.ఎఫ్. నిలకడ లేని పదార్థం. గాఢమైన క్షారంలో కొంతసేపు ఉంటే అది తనలో తాను ముడివడి 'హ్యూమిన్‌లు' అనే నల్లని జిగటపదార్థంగా మారుతుంది. ఆ జిగట ఉత్ప్రేరకం మీద పేరుకొని రంధ్రాలను పూడ్చివేస్తుంది. క్షారం తగ్గిస్తే హెచ్.ఎం.ఎఫ్. నిలుస్తుంది గాని నికెల్ చురుకుదనం మందగిస్తుంది. ఈ సంకటాన్ని దాటడానికి ద్రావణాన్ని నిలువ ఉంచక వేగంగా ప్రవహింపజేయడం, హెచ్.ఎం.ఎఫ్.ను కొద్దికొద్దిగా అందించడం మొదలైన ఉపాయాలను పరీక్షిస్తున్నారు.

చర్య ముగిసిన పిమ్మట ఎఫ్.డి.సి.ఏ. క్షారంలో లవణరూపంలో కరిగి ఉంటుంది. దానిని వేరుచేయడానికి ఆమ్లం కలపాలి. అప్పుడు అది తెల్లని పొడిగా దిగువకు చేరుతుంది. కాని క్షారం, ఆమ్లం రెండూ ఖర్చయి ఉప్పునీరు మిగులుతుంది. ఆ ఉప్పునీటిని చేలకు వదలలేము. ఒక వ్యర్థాన్ని తొలగించబోయి మరొక వ్యర్థాన్ని సృష్టించకుండ జాగ్రత్తపడాలి.

అన్నిటికంటె పెద్ద పరీక్ష ముడిసరుకుది. పరిశోధనలలో ఎక్కువభాగం సీసాలో కొన్న స్వచ్ఛమైన హెచ్.ఎం.ఎఫ్.తో జరుగుతాయి. చేని నుండి వచ్చిన కట్టెకు మట్టి అంటుకొని ఉంటుంది. పురుగుమందుల అవశేషాలు ఉంటాయి. లిగ్నిన్ ముక్కలు, ఇతర ఆమ్లాలు కలిసి వస్తాయి. స్వచ్ఛమైన ద్రావణంలో రాణించిన ఉత్ప్రేరకం ఈ కలగాపులగంలో తడబడవచ్చు. పల్నాటి రైతుకు కావలసినది సీసాలోని పదార్థంపై గెలిచిన ఉత్ప్రేరకం కాదు. తన చేనికట్టెపై గెలిచిన ఉత్ప్రేరకం.

ఎఫ్.డి.సి.ఏ. తయారీ మాత్రం ప్రయోగశాల గడప దాటింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్‌జైల్‌లో 2024లో దీనికై ఒక కర్మాగారాన్ని ప్రారంభించారు. కాని అక్కడి ముడిసరుకు మొక్కల నుండి తీసిన ఫ్రక్టోజు చక్కెర. ఆక్సీకరణ మార్గం వేడి, గాలి, లోహలవణ ఉత్ప్రేరకాలతో కూడినది. నికెల్, విద్యుత్తుల మార్గం ఇంకా ప్రయోగశాలల నుండి చిన్న నమూనా యంత్రాల వైపు అడుగులు వేసే దశలోనే ఉన్నది. తినదగిన చక్కెర నుండి గాక, కాలిపోయే కట్టె నుండి ఇదే ఫలాన్ని సాధించడం మరింత కఠినం, మరింత శ్లాఘనీయం.

పల్నాటి గట్టు మీద నిలిచి

ఇట్టి కృషికి కావలసిన విద్య మన సమీపంలోనే ఉన్నది. హైదరాబాదులో 1944లో పురుడు పోసుకొని, నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా వెలుగొందుతున్న పరిశోధనాలయంలో ఉత్ప్రేరకశాస్త్రం ప్రధాన శాఖలలో ఒకటి. తమిళనాడులోని కారైక్కుడిలో 1948లో శంకుస్థాపన జరుపుకొని, 1953లో ప్రారంభమైన కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థ విద్యుత్తుకు, రసాయనానికి గల బంధుత్వాన్ని శోధించడానికే ఏర్పడింది. సాంకేతిక విద్యనభ్యసించే తెలుగు విద్యార్థులకు ఈ ద్వారాలు తెరిచే ఉన్నాయి.

పల్నాటికి ఈ విషయంలో కొన్ని సహజమైన అనుకూలతలున్నాయి. పత్తిని శుభ్రపరచే జిన్నింగు మిల్లులు ఇప్పటికే రైతును, వ్యాపారిని ఒకచోట చేరుస్తున్నాయి. దూదిని తెచ్చిన దారినే కట్టెను తేవడానికి ఇవి కూడలి కాగలవు. సాగర్ వద్ద జలవిద్యుత్తు ఉన్నది. ఏడాదిలో అధికభాగం కాసే ఎండ ఉన్నది. కాని కట్టె తేలికైనది, ఎక్కువ చోటు ఆక్రమించేది. దానిని దూరాలకు మోయించడం దండగ. కనుక పెద్ద కర్మాగారానికి కట్టెను తరలించడం కంటె, కట్టె ఉన్నచోటనే దానిని నరికి, చక్కెర ద్రవంగానో, ఫర్‌ఫ్యూరాల్‌గానో మార్చి పంపే చిన్న కేంద్రాలు మేలన్న ఆలోచన సమంజసంగా తోస్తుంది. అప్పుడే ఆ విలువలో కొంత రైతు ముంగిట నిలుస్తుంది. లేకున్న కట్టె రైతుది, లాభం మరొకరిది అవుతుంది.

అంతవరకు చేయదగిన పనులు లేకపోలేదు. ఏరివేత ముగిసిన వెంటనే కట్టెను యంత్రంతో ముక్కలుచేసి నేలలో కలియదున్నితే పురుగు ఆశ్రయం కోల్పోతుంది, భూమికి సారం చేకూరుతుంది. పొగ తగ్గుతుంది. విజ్ఞానం రేపు తేబోయే ఫలానికై ఎదురుచూస్తూ నేటి నిప్పును కొనసాగించడం వివేకం కాదు.

మాచర్లకు సమీపంలో, నేడు సాగరజలాల నడుమ ద్వీపంగా నిలిచిన నాగార్జునకొండ ఈ సీమకు ప్రపంచప్రఖ్యాతిని తెచ్చింది. అక్కడ వెలసిల్లిన విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. నాగార్జునుని పేరు వినగానే జనసామాన్యానికి రసవాదం గుర్తుకు వస్తుంది. తత్త్వవేత్త అయిన ఆచార్య నాగార్జునుడు, లోహాలను బంగారంగా మార్చగలడని కథలలో కీర్తింపబడిన సిద్ధుడు ఒక్కరు కారని చరిత్రకారుల భావన. అయినా హీనలోహాన్ని పసిడిగా మార్చాలన్న ఆ పాతకోరిక మానవునిలో చావలేదు. నేటి విజ్ఞానం ఆ కోరికను మరొక విధంగా తీర్చజూస్తున్నది. నికెల్ బంగారంగా మారదు. కాని బంగారం, ప్లాటినం చేయగల పనిని నికెల్ చేత చేయించవచ్చు. లోహాన్ని మార్చడం కాదు, లోహానికి పని నేర్పడం నేటి రసవాదం.

ఆ విద్య ఫలించిందని చెప్పడానికి గీటురాయి ఒక్కటే. పరిశోధనపత్రాలలోని శాతాలు దానికి సాక్ష్యం కావు. ఏదో ఒక ఫాల్గుణ మాసాన గురజాల దారిలోని ఒక రైతు, ఆఖరి దూదిని ఇంటికి చేర్చిన పిదప, గట్టు మీది కట్టెకుప్ప వద్ద అగ్గిపెట్టెను తిరిగి జేబులో వేసుకొని, బండివాడు ఎంత ధర పలుకుతాడోనని దారివైపు చూడాలి. అదే దానికి సాక్ష్యం.